మీసం మీద పెట్టిన 3,59,999

నాకొక మంచి గుణం ఉంది. లెక్కలల్ల నేను తప్పని ఎవ్వలన్నా అంటే ఒప్పుకోను. మందికి గది పొగరు లెక్క కనవడ్తది గని, నేను దాన్ని పట్టుదల అంట. మొన్న గా పట్టుదలే నా మూతిని బోడి చేసింది!

నేను నడిపే ట్రాలీ బండి వెనుక అందరి లెక్క "హారన్ కొట్టు" అని రాపిస్తే మజా ఏముంది? పెయింటర్‌తోని గింత లావు అంకెలల్ల 3,59,999 అని రాపిచ్చిన. కింద: "దీన్ని శేషం లేకుంట భాగిస్తే నా మీసం తీస్త!" ఒకటితోని, దానితోని తప్ప దేనితోనీ తెగదన్నట్టు. పదో తరగతి తప్పినోన్ని, ఎవ్వలు నేర్పలే, సొంతంగ కనుక్కున్న. రెండు నుంచి తొంభై తొమ్మిది దాకా అన్నిటితోని భాగించి చూసిన. సగం నోట్‌బుక్ ఖతం. ఒక్కదానికీ లొంగలే. వంద లోపల లొంగనిది ఇంకెప్పుడూ లొంగదని రూల్ కూడా నేనే పెట్టిన.

పసుపు లోడ్ ఏసుకోని ఆర్మూర్ మార్కెట్‌కు పోయిన. సంచులు దించే గంగారాం ఫోన్ల క్యాలిక్యులేటర్ తీసిండు.

"ఏడుతోని కొట్టిన, పోతలేదే మల్లన్నా!"

"పదమూడుతోని కొట్టు! నీకు ఏది మంచిగనిపిస్తే దానితోని కొట్టు!" అని మీసం మెలేసిన. మూడు దినాలు గట్లనే. ట్రాలీ ఆగితే చాలు, చుట్టూ మంది. నేను హీరో!

నాలుగో దినం ఇంట్ల చాయ్ తాగుతున్న. మా ఆమె రాజమణి బీడీ కట్టలు చాటల పేరుస్తున్నది.

"ఏమయ్యా, నీ నంబర్ మూడు లక్షల అరవై వేలకు ఒక్కటే తక్కువ గద?"

"అయితే?"

"ఆరు వందల వరుసలు, వరుసకు ఆరు వందలు పేరిస్తే మూడు లక్షల అరవై వేలు."

"అయితే ఏందే?"

"జర ఇటు చూడు."

చాటల ఆరు వరుసలు పేర్చింది, వరుసకు ఆరు కట్టలు. ఆఖరి వరుసల ఒక కట్ట తీసేసింది. అండ్ల మిగిలిన అయిదు కట్టలను పై అయిదు వరుసల చివర్లకు ఒక్కొక్కటి పెట్టింది. అయిదు వరుసలు, వరుసకు ఏడు. ఒక్కటి మిగల్లే!

"నీది గూడ గిట్లనే. అయిదు వందల తొంభై తొమ్మిది వరుసలు, వరుసకు ఆరు వందల ఒకటి."

"చాట లెక్కలు చెల్లయ్!" అన్న. లోపలికి పోయి చప్పుడు లేకుంట గుణించిన. 3,59,999! మళ్ల గుణించిన. మళ్ల గదే. ఫోన్ల కొట్టిన. ఫోన్ గూడ మా ఆమె దిక్కే!

"గంగారామన్నకు నేను చెప్పాల్నా, నువ్వే చెప్తవా?" అని బయట నుంచే అడిగింది మా ఆమె.

మాట మాటే. పోయి మంగలి షాపుల కూసున్న. తెల్లారి ఛాతి ఇరుసుకోని మార్కెట్‌కు పోయిన.

గంగారాం నోరు తెరిసిండు. "అరే, మీసం ఏదే మల్లన్నా?"

"రెండు ముక్కలైంది. ఎడమ దిక్కు అయిదు వందల తొంభై తొమ్మిది, కుడి దిక్కు ఆరు వందల ఒకటి!"

అందరు నవ్విండ్రు. నవ్వనీ! పెయింటర్‌ను మళ్ల పిలిచిన. ఈసారి ఇంకా పెద్ద నంబర్. రెండు వందల దాకా భాగించి చూసిన, లొంగలే. మీసం ఇంకా మొలవలే గనుక పందెం నెత్తి వెంట్రుకల మీద.

రాపిచ్చే ముంగట మా ఆమెకు ఒక్కసారి చూపెట్టాల్నని నాకు తెలుసు. గది మాత్రం ఇంకా నేర్వలే.