శ్రుతి తప్పని గిటారు

అరవైల చివర్లో మా నందిగామలో ఎలక్ట్రిక్ గిటారు చూసినవాళ్ళు బహు తక్కువ. నేను రెండు చూశాను. రెండూ జగ్గయ్యపేటలో పెళ్ళిళ్ళకు బ్యాండు కట్టే మాస్టారివే. ఆదివారం చర్చిలో మా నాన్న హార్మోనియం పక్కన మామూలు గిటారు వాయించి, మధ్యాహ్నం బస్సెక్కి చిల్లకల్లు మీదుగా పేట చేరేవాణ్ణి, ఆ రెంటికోసం.

రెంటికీ తీగల అడుగున ఒక ఇనుప పిడి ఉండేది. వాయిస్తూ దాన్ని నొక్కితే తీగలు వదులై స్వరం వణుకుతుంది. పాత గిటారు స్ప్రింగు మెత్తన. చిటికెనవేలు ఆనిస్తే చాలు, స్వరం ఏడ్చినట్టు కిందికి జారేది. పిడి వదిలాక మాత్రం ఉన్నచోటికి వచ్చేది కాదు, ఎప్పుడూ వెంట్రుకవాసి తక్కువే. కొత్తదాని స్ప్రింగు మహా మొండిది. అరచేత్తో అదిమితే కాస్త వణికి, వదలగానే బుద్ధిగా మొదటి స్వరానికి వచ్చేది. నా ప్రాణమంతా పాతదాని మీదే.

దాన్ని బాగుచేద్దామని తలుపు బందులకు వేసినట్టు కొబ్బరినూనె వేశాను. దుమ్ము పట్టి ఇంకా మొరాయించింది. తీగలు కదిలే గాళ్ళలో పెన్సిలు పొడి రాస్తే కొంత నయం. పిడి వదిలాక ఒకసారి పైకి లాగితే స్వరం దాదాపు చోటికొస్తుందని కూడా కనిపెట్టాను. దాదాపు అన్నమాట మా నాన్న దగ్గర చెల్లదు. ఆయన లెక్కల పంతులు.

ఆ ఏడాది మాస్టారు బెజవాడకు మకాం మారుస్తూ నన్నూ రమ్మన్నారు. నాకు ఇరవై రెండేళ్ళు. నాన్న వేయించిన బడి ఉద్యోగం, ఆయన బల్ల పక్కనే నా బల్ల. బడిలో ఆయన, ఇంట్లో ఆయన, చర్చిలో ఆయన. ఊపిరాడేది కాదు. వెళ్తానని తెగించి నాన్ననే అడిగాను.

"వణికించే వాయిద్యానికి శ్రుతి నిలవదురా. ఈస్టర్ ఆరాధనలో నా పక్కన మూడు పాటలు వాయించు, ఆ పిడి వాడే. ఎక్కడా తప్పకపోతే వెళ్ళు. తప్పిందా, మళ్ళీ ఆ ఊసెత్తమాక," అన్నారు.

హార్మోనియం శ్రుతి ఎవరికోసమూ మారదు. మనసు చంపుకుని మొండి స్ప్రింగుదే అరువు తెచ్చాను. పందెం సంగతి అమ్మకు మేమిద్దరం చెప్పలేదు. మా ఇంట్లో ఆమెకు చెప్పి చేసే పని ఏముంది గనక. నలుగురిలో తప్పుతానేమోనని నా దిగులనుకుంది.

"భయపడమాక నాయనా, నేను దేవుడితో మాట్లాడా," అంది.

మొదటి పాట నిలిచింది. రెండోదాంట్లో ప్రతి చరణం చివరా పిడి అదిమాను, నిలిచింది. మూడోదాని ఆఖరి స్వరాన్ని నాన్న కావాలనే సాగదీశారు. అదిమి వదిలాను. రెండు వాయిద్యాలూ ఒకే గొంతుతో ఆగాయి. నాన్న తిత్తి మీంచి చెయ్యి తీసి నావైపు చూసి తల ఊపారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. నేను మనసులో బెజవాడ బస్సెక్కేశాను.

తరవాత సాక్ష్యాలు. మేలు పొందినవాళ్ళు లేచి సంఘం ముందు చెప్పడం మా ఆనవాయితీ. ఎన్నడూ లేవని అమ్మ లేచింది.

"మావాడు శ్రుతి తప్పకుండా వాయిస్తే, వాడు బతికున్నన్నాళ్ళూ ఈ చర్చిలోనే వాయిస్తాడని మొక్కుకున్నానండి. దేవుడు ఆలకించాడు," అంది.

సంఘమంతా ఆమెన్ అంది. నాన్న హార్మోనియం మూత దించేశారు. నాకిచ్చిన మాట కోసం దేవుడి మొక్కు తప్పించే మనిషీ కాదాయన. అమ్మ మీద పీకలదాకా కోపం వచ్చింది. తడికళ్ళతో నావైపు చూసి నవ్వుతున్న ఆమెను ఏమనను?

మధ్యాహ్నం గిటారు తిరిగి ఇవ్వడానికి పేట వెళ్ళాను. సంగతి విన్న మాస్టారు పాతదాన్ని నా చేతిలో పెట్టారు. పిడి నొక్కి వదిలాను. స్వరం చోటికి రాలేదు. సరిచెయ్యకుండా అలాగే ఆయనకిచ్చేసి, సాయంత్రం బస్సుకి ఇంటికొచ్చేశాను.