పాత వాషర్

మాది తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు. బేరం నాకు ఉగ్గుపాలతో అబ్బింది. కొల్లేరులో మా చేపల చెరువుల పనికి పాత పడవ మోటారు కొన్నాను. గేర్ ఆయిల్ పాలు కలిపిన టీలా ఉందనీ, లోపలికి నీళ్లు దిగుతున్నాయనీ ఏలూరు మెకానిక్ సీళ్లు మార్చాడు.

"ఆయిల్ దించే డ్రెయిన్ స్క్రూ కింది వాషర్ కూడా కొత్తది వేద్దామండీ" అన్నాడు.

"పాతది నిక్షేపంగా ఉందండీ" అని బేరంలో దాన్ని ఎగరగొట్టాను.

నెల తిరక్కుండానే, నా గడుసుతనం చూపిద్దామని మామగారిని పడవెక్కించాను. కొల్లేరు నడిమధ్యన గేర్లు గరగరలాడి ఆగిపోయాయి. నడుంలోతు బురదనీళ్లలో దిగి ఇద్దరం పడవ తోశాం. పంచె ఎగ్గట్టిన మామగారు మెత్తగా అడిగారు: "ఏవండీ అల్లుడుగారూ, తోసే మనిషిని కూడా బేరంలోనే కలిపారా?"

మెకానిక్ గేర్ కేసులోకి గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. బుడగలు సరిగ్గా నా పాత వాషర్ దగ్గరే వచ్చాయి. ధరైనా అడక్కుండా కొత్తది వేయమన్నాను.

అతను నా ముఖంలోకి చూసి, "ఒంట్లో బాగానే ఉందాండీ?" అన్నాడు.