ఒక్క బెజ్జమైనా పెట్టని క్యారియరు

మా బావగారికి మా అక్కయ్య మీద ఎక్కువ ప్రేమా, జీపు మీద ఎక్కువ ప్రేమా అన్న అనుమానం మా ఇంట్లో అందరికీ ఉండేది. అక్కయ్యకి మాత్రం అనుమానమేమీ లేదు. "జీపు మీదేరా, నాకు తెలీదా?" అని నవ్వేసేది. యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్లు వేలం వేస్తే కొనుక్కొచ్చిన జీపు అది. కొత్తపేట దగ్గర మా ఊళ్లో ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. పొద్దున్నే మొహం కడుక్కోకముందే పాత పంచె ముక్కతో జీపుని తుడిచేవారు. దాని మీద చిన్న గీత పడితే రెండు రోజులు ఆయనకి అన్నం సహించేది కాదు. అలాంటి జీపు నెత్తిన పద్దెనిమిది అడుగుల బరువు ఎక్కించాలని నేను అనుకున్నాను.

అప్పుడు నాకు ఇరవైమూడేళ్లు. నాటకాలకి తెరల మీద బొమ్మలు వేసేవాణ్ణి. వేసేవాణ్ణి అంటే, ఎవరూ అడక్కుండానే వేసేవాణ్ణి. మా నాన్న కాలువ లస్కరు. తన బీటులో గట్లు తెగకుండా, తూములు ఎవరూ దొంగతనంగా ఎత్తకుండా కాపలా కాయడం ఆయన పని. బొమ్మలు వేసుకుని బతకొచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు, నేను చెబితే నమ్మలేదు. చివరికి ఒక మాటన్నాడు. "ఈ ఎండాకాలం నీది. నీ తెరలు ఎవరైనా తీసుకుంటే సరి. లేకపోతే కాలవకి నీళ్లు వదిలే రోజుకి లస్కరుగా చేరిపోవాలి. ఆఫీసులో చెప్పి ఉంచేను." నాన్న మాటంటే మాటే. గోదావరి అయినా మనసు మార్చుకుంటుందేమో గానీ ఆయన మార్చుకోడు.

బావగారి కొబ్బరి కొట్టు వెనకాల పొడుగాటి షెడ్డు ఉండేది. అందులో గుడ్డ పరిచి మూడు నెలలు నడుం విరిగేలా పనిచేసి మూడు తెరలు వేశాను. దర్బారు, వీధి, ఏటి ఒడ్డు. నాన్న ఆ షెడ్డులోకి ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. దారిన పోతూ గుమ్మం వైపైనా చూసేవాడు కాదు. నాకు చాలా కోపంగా ఉండేది.

అమలాపురం అవతల ఓడలరేవు వెళ్లే దారిలో ఒక ఊళ్లో నాటకం ఉంది. ఆ నాటకం కంపెనీ యజమాని నా తెరలు చూస్తానన్నాడు. ఆటరోజు సాయంత్రం నాలుగు గంటలకల్లా తెచ్చి కట్టాలి, పగటి వెలుతురులో చూస్తాడు, నచ్చితే ఏడాది పొడుగునా నాకే పని, ఆలస్యమైతే పాత అద్దె తెరలు కట్టేస్తాడు. ఇదీ ఒప్పందం. మామూలుగా అయితే పడవలో వేసుకుని పోయేవాణ్ణి. కానీ ఎండాకాలం కదా, పూడిక తియ్యడానికి కాలువలు కట్టేశారు. జిగురులో కలిపిన రంగులు కాబట్టి తెర మడత పెడితే పెచ్చులూడిపోతుంది. వెదురు బొంగుకి చుట్టాల్సిందే. ఆ చుట్ట పద్దెనిమిది అడుగులు. జీపు పదకొండో, పన్నెండో.

"టాపు మీద క్యారియరు కట్టిద్దాం బావగారూ, బస్సుకి ఉన్నట్టు" అన్నాను.

ఆయన బోనెట్టు మీద ఒకసారి చెయ్యేసి నిమిరి, "సరేనోయ్. కానీ ఒక్క బెజ్జం పెట్టకూడదు, ఒక్క మేకు కొట్టకూడదు" అన్నారు.

కొత్తపేట కమ్మరి దగ్గరికి తీసుకెళ్లాం. అతను బెజ్జాలు వేసే బర్మా చేతిలోకి తీసుకున్నాడో లేదో, బావగారు బోనెట్టు మీద బోర్లా పడుకున్నారు. అమలాపురంలో బస్సులు బాగుచేసే ఆయన అయితే, బోల్టులు బిగించకుండా క్యారియరు నిలబడదని చెప్పి, పనుందని లోపలికి వెళ్లిపోయాడు. అప్పుడు అక్కయ్యే చెప్పింది, పడవల మేస్త్రిని పిలవండి, కాలువ కట్టేశాక అతనికి పనేం లేదు కదా అని.

మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. జీపు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. అక్కడక్కడ వేలు మడిచి కొట్టి చెవి పెట్టి విన్నాడు. తర్వాత పడవ అడుగు చూసినట్టు జీపు కిందకి దూరి, చాలాసేపటికి మట్టి కొట్టుకుపోయి బయటికొచ్చాడు.

"వెన్నుందండి దీనికి. ఒకటి కాదండి, రెండున్నాయి" అన్నాడు. జీపు అడుగున పొడుగునా ఉండే రెండు ఇనప దూలాల సంగతి అది. "వెన్నుకి కట్టేస్తే ఇంక బెజ్జమెందుకండి?"

ఆ మాటతో బావగారు అతని పక్షం అయిపోయారు.

రెండు రోజులు కట్టాడు. గుడ్డ టాపు విప్పేసి లోపల పెట్టాం. నాలుగు మూలలా నాలుగు సరుగుడు గుంజలు నిలబెట్టి, వాటి అడుగుల్ని కింద ఆ వెన్నులకి కొబ్బరితాడుతో బిగించాడు. పైన రెండు నిలువు బద్దలు, అయిదు అడ్డ బద్దలు. ఎక్కడ కర్ర ఇనుముకి తగిలితే అక్కడ అక్కయ్య పాత చీరల పీలికలు చుట్టించారు బావగారు. చివరికి జీపు యుద్ధంలోంచి అప్పుడే వచ్చినట్టు ఒళ్లంతా కట్లతో కనిపించింది. క్యారియరు ముందు భాగం జానెడు ఎత్తుగా ఉండడం చూసి, ఇదేమిటని అడిగాను.

"కెరటం కొట్టినా లోపలికి నీళ్లు రావండి" అన్నాడు మేస్త్రి.

"అమలాపురం రోడ్డు మీద కెరటాలెక్కడివి మేస్త్రీ?"

"ఆయ్, నిజమేనండి. చెయ్యి అలవాటండి."

మూడు చుట్టలూ పొడుగునా పైకెక్కించి కట్టాం. ముందు మూడున్నర అడుగులు, వెనక మూడున్నర అడుగులు బయటికొచ్చాయి. బావగారు గతుకుల్లో, గోతుల్లో పడేసి తోలి చూశారు. గుంజ కదల్లేదు, ముడి జారలేదు. జీపు మీద గీత పడలేదు. అందరం మురిసిపోయాం. తన ముడులు ఇంకొకరు ముట్టుకుంటే పాడైపోతాయని మేస్త్రి కూడా మాతోనే బయల్దేరాడు.

ఆటరోజు తెల్లవారుతూనే ముగ్గురం బయల్దేరాం. మొదటి వంతెన దాకా హాయిగా సాగింది. వంతెన దిగగానే రోడ్డు మోకాలు మడిచినట్టు ఎడమకి తిరుగుతుంది. బావగారు స్టీరింగు తిప్పారు. చుట్టల ముందు కొస వెళ్లి పక్కనున్న పెంకుటింటి చూరుకి తగిలింది. వెనక్కి తీస్తే వెనక కొస కొబ్బరిచెట్టుకి ఆనింది. ముందుకీ వెనక్కీ దారి లేదు.

తిరగాల్సి వస్తుందన్న ఊహే మాకెవరికీ రాలేదు. మా కోనసీమలో పొడుగాటి వస్తువేదైనా, వెదుళ్లయినా దుంగలయినా, నీటి మీదే పోతుంది. రోడ్డు మీద పద్దెనిమిది అడుగుల సరుకు వేసుకుపోయిన వాణ్ణి మేమెన్నడూ చూడలేదు. మేస్త్రి తన ముడులు తనే విప్పడానికి గంట పట్టింది. చుట్టల్ని భుజాల మీద మలుపు దాటించి, మళ్లీ ఎక్కించి కట్టేసరికి ఇంకో గంట. అమలాపురం చేరేలోపల అలాంటి వంతెనలు ఇంకా ఆరున్నాయి. నేను లెక్క వేసుకున్నాను. ఈ లెక్కన నాలుగు గంటలకి కాదు, రాత్రి ఆట మొదలయ్యాకే చేరతాం. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చి, మేస్త్రిని నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్దవాడు, ఏమీ అనుకోలేదు. ఎండిపోయిన కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పడవెళ్లే దారుంది కదండీ" అన్నాడు. "అందులో ఇంతేసి మలుపులుండవండి. వంతెనల కిందనించి పోవచ్చండి."

బావగారి కళ్లు వెలిగిపోయాయి. ఈ జీపుకి నాలుగు చక్రాలూ లాగుతాయి, కొండయినా ఎక్కుతుంది అని ఆయన చెప్పని రోజు లేదు. కోనసీమలో కొండ ఎక్కడుంది పాపం. గేదెల రేవు ఏటవాలులోంచి జీపుని మెల్లిగా కాలువలోకి దింపారు.

అంత మంచి రోడ్డు నేను జన్మలో చూడలేదు. అడుగు ఎండి నెర్రెలిచ్చి ఉంది. నత్తగుల్లలు చక్రాల కింద పటపటలాడుతున్నాయి. రెండు పక్కలా గట్లు, పైన కొబ్బరిచెట్లు. వంతెనల మీద జనం మమ్మల్ని చూసి పనులు మానేసి నిలబడిపోయారు. మేస్త్రి వెనక కూర్చుని, ఇక్కడ లోతుండేదండి, ఇక్కడ సుడి ఉండేదండి అని లేని నీళ్ల గురించి చెబుతున్నాడు. బావగారు పాట కూడా అందుకున్నారు. అలా అయిదు వంతెనలు దాటాం.

ఆరో వంతెన దగ్గర పూడిక తీస్తున్నారు. అక్కడ అడుసు. జీపు ఇరుసుల దాకా దిగబడిపోయింది. నాలుగు చక్రాలూ లాగాయి గానీ, కిందకి లాగాయి. తల ఎత్తి చూద్దును కదా, గట్టు మీద ఖాకీ చొక్కా, చేతిలో కర్ర. మా నాన్న.

గట్టు దిగి వచ్చి, ముందు బావగారితో మాట్లాడాడు. "కాలవలోకి బండి దిగకూడదన్నది రూలండి, అల్లుడుగారూ. తమరికి నేను చెప్పాలా అండీ?"

"నీళ్లు లేవు కదా మావయ్యగారూ."

"నీళ్లు లేకపోయినా కాలవ కాలవేనండి."

ఆయన ఇంకేం చెయ్యక్కర్లేదు. రూలు పట్టుకుని అలా నిలబడితే చాలు, నాలుగు దాటిపోతుంది, నేను లస్కరునైపోతాను. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

మట్టి తట్టలు మోస్తున్న ఆడవాళ్లు చుట్టూ చేరారు. "ఏటండీ ఆ చుట్టలు?" అంది ఒకావిడ. నాటకం తెరలన్నాను. అందరూ నాన్న మొహం చూశారు. ఆయన కర్రతో నేల మీద రెండుసార్లు పొడిచి, "ఒకటి విప్పండి. నా బీటులోంచి ఏం పోతోందో చూడకుండా వదల్ను" అన్నాడు.

మేస్త్రి గొణుక్కుంటూ పై చుట్ట విప్పాడు. పొడి మట్టి మీద గోనెలు పరిచి తెర దొర్లించాం. ఏటి ఒడ్డు. ఆడవాళ్లు తట్టలు దించేశారు. నాన్న ఆ కొసనించి ఈ కొసకి నడిచాడు, మళ్లీ వెనక్కి నడిచాడు. వంగి చూశాడు. మూడు నెలలుగా ఆయన నోటివెంట ఒక్క మాట వస్తే చాలనుకున్నాను. వచ్చింది.

"ఎడంగట్టున నీరు జానెడు ఎక్కువుందిరా. కుడిగట్టున తక్కువుంది. నీరు అలా నిలబడదు."

నా ఒళ్లు మండిపోయింది. "నాటకంలో నీటి మట్టం ఎవరు చూస్తారు నాన్నా?"

"నేను చూసేనుగా" అన్నాడు.

అంతే. తెర చుట్టించాడు. పాతికమంది చేత జీపుకి భుజాలు పట్టించి, తనూ వెనక భుజం పెట్టాడు. జీపు అడుసులోంచి పైకి వచ్చింది. ఆయన చొక్కా అంతా బురదైంది. మేం రేవు ఎక్కి రోడ్డు మీద పడుతుంటే వెనక నాన్న గొంతు వినిపించింది. "ఆ చక్రాల జాడల మీద మట్టెయ్యండమ్మా, ఇంజనీరుగారు వస్తారు."

మిగిలింది ఆ ఒక్క వంతెనే కాబట్టి, దాని మలుపు దగ్గర చుట్టల్ని భుజాల మీద దాటించి రెండు గంటలకి చేరాం. దారంతా నేను నాన్నని తిట్టుకుంటూనే ఉన్నాను. పందిట్లో తెర కట్టి దూరంగా వచ్చి నిలబడి చూస్తే, నిజమే, ఏరు ఒక పక్కకి ఒలికిపోతున్నట్టుంది. మూడు నెలలు దాని మీద వంగి పనిచేశాను, నాకు కనబడలేదు. గట్టు మట్టిరంగు కలిపి, నిచ్చెన ఎక్కి, ఎడంగట్టు నీరు జానెడు దించాను. తడి ఆరకముందే యజమాని వచ్చాడు. దర్బారు మామూలుగా చూశాడు, వీధి మామూలుగా చూశాడు, ఏటి దగ్గర ఆగి, "ఇందులో కాళ్లు పెట్టుకోవాలనిపిస్తోందయ్యా" అన్నాడు. ఏడాది పని నాదైంది.

పొద్దు వాలకముందే నాన్న సైకిలు మీద వచ్చాడు. చొక్కా మార్చుకున్నాడు. ఆయన పందిట్లోకి రావడం చూసి, యజమాని తీసుకున్నాడు నాన్నా, ఇంక నేను ఆఫీసుకి రానక్కర్లేదు అని గబగబా చెప్పేశాను. కాస్త గర్వంగానే చెప్పాను. ఆయన తెర వైపు చూస్తూ ఊఁ కొట్టాడు.

"తీసుకుంటాడో లేదో నాకేం తెలుసు? మీరు గట్టెక్కగానే నేను ఆఫీసుకెళ్లి, మావాడు రాడండి, ఇంకొకర్ని చూసుకోండి అని చెప్పేసొచ్చేను."

నేను నిచ్చెన పట్టుకుని నిలబడి, ఆ పందిట్లో అందరి ముందూ ఏడ్చాను.