బావ నా చెవికి పెట్టని హెడ్‌ఫోను

పోయిన నెల విరుదునగరంలో మా బావ పోయినాడు, మా అక్క మొగుడు. ఫోను వచ్చినప్పుడు నేను కోవిల్‌పట్టి మండీలో మిరపకాయ చూస్తా ఉండాను. ఏడుపు తరవాత వచ్చె. ముందు వచ్చింది కోపం. ఇన్నేండ్లలో ఆ మనిషి తన హెడ్‌ఫోను ఒక్క తూరి నా చెవికి పెట్టలేదు.

చదివే మీకు తెలియాల గదా, చెప్తాను. బావకి రేడియో రిపేరు అంగడి. కేబులు టీవీ వాడు పారేసిన పెద్ద డిష్షు ఒకటి తెచ్చి మిద్దె మీద పెట్టినాడు. తిప్పేదానికి పాత సైకిలు చక్రం కట్టినాడు. నక్షత్రాల కాడ ఎవురో ఉండారు, పలకతారు, అది వినాల. అదే ఆయన పిచ్చి. దినమూ అంగడి మూసి, దీపాలు పెట్టే వేళకి మిద్దె ఎక్కుతాడు. హెడ్‌ఫోను పెట్టుకుని, కండ్లు మూసుకుని ఒక వేలు ఎత్తినాడంటే అక్క కూడా కాఫీ లోటా చప్పుడు కాకుండా పెట్టాల.

"ఏం బావా, ఏమంటా ఉండారు మీ చుట్టాలు?" అంటాను.

"నీవు నోరు మూస్తే చెప్తారంట."

"నాకియ్యి, నేనూ వింటాను."

"నీవు బేరగాడివప్పా. విన్న వెంటనే జవాబు చెప్తావు. ఇది ఊరకనే వినే పని."

నా మాటకి మండీలో ఎదురు లేదు. ఆయన కాడ మాత్రం పిట్టగోడ మీద కూర్చుని ఆయన మొగం చూసేదే నా పని.

ఒక సాయంత్రం సాత్తూరు దిక్కు ఆకాశంలో పచ్చ చుక్కలు పూసె. బావ దిగ్గున లేచి కిందికి పోయి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చినాడు. "చుట్టాలొస్తే బనీనుతో నిలబడేదా?" అన్నాడు. తీరా చూస్తే టపాకాయల వాళ్ళు కొత్త సరుకు కాల్చి చూసినారు. వీధంతా నవ్వినారు, నేనూ నవ్వినాను. బావ మాత్రం, "ఈ తూరి సాత్తూరు. ఇంగో తూరి వాళ్ళే," అన్నాడు. ఆ నాటి నుండి ఇస్త్రీ చొక్కా లేకుండా మిద్దె ఎక్కలేదు.

"నిజం చెప్పు బావా, ఎవురన్నా పలికినారా?" అని ఒకనాడు అడిగితే "ఇంకా లేదు" అన్నాడు. కడంబూరు దాటేసింది, ఇంగ వచ్చేస్తుంది అని రైలు గురించి చెప్పినట్టు చెప్పినాడు. నాకు నమ్మకం లేదు. అయినా ఆ "ఇంకా" నన్ను వదల్లేదు.

ఇప్పుడు ఆయన కొడుకు, నా మేనల్లుడు, ఆడి నెల, అదే అరవ వాళ్ళ ఆషాఢం, పోతానే డిష్షు పీకేసి మిద్దెకి సిమెంటు పూస్తాడంట. ఆడిలో ఇంటిపని మొదలుపెట్టరు గాబట్టి ఆగినాడు, లేకుంటే డిష్షు ఈపాటికి పాత ఇనుము అంగడిలో ఉండేది.

అల్లుడా, నీకే చెప్తా ఉండాను. మీ నాయన పోయిన నాటి నుండి ఆ దిక్కు వినేవాడు లేడు. వాళ్ళు ఈ వారమే పలికితే? నాకు ఒక్క సాయంత్రం చాలు. ఇస్త్రీ చొక్కాతోనే వస్తాను, నోరు మూసుకునే కూర్చుంటాను. ఇస్తావా, లేదా? ఆడి అమావాస్య నాడు దీపాలు పెట్టేలోగా నాకు జవాబు కావాల. మిద్దె గదిలో మేకుకి ఆయన చొక్కా, దాని మీద ఆ హెడ్‌ఫోను ఇంకా తగిలించే ఉండాయి. డిష్షు ఆయన తిప్పి వదిలిన దిక్కే చూస్తా ఉంది.