ఆగ్నేయంలో పెట్టిన రౌటరు

మొన్న మా అమ్మాయి ఇంట్లో కొత్త రౌటరు బిగించడానికి వచ్చినతను "ఎక్కడ పెట్టమంటారండీ?" అని అడిగితే, అమ్మాయి నోరు విప్పేలోపే నేను "ఆగ్నేయంలో మాత్రం వద్దు" అన్నాను. జీవితమంతా వేదికలెక్కి వాస్తును ఏకిపారేసిన మనిషి నోట దిక్కు పేరు వినేసరికి ఇల్లంతా నవ్వింది. ఆ మాట వెనక కొవ్వూరులోని మా బావగారి ఇల్లుందని వాళ్లకేం తెలుసు!

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. ఇళ్లలోకి బ్రాడ్‌బ్యాండు అప్పుడప్పుడే వస్తోంది. మా అక్క చిన్నప్పటినుంచీ పాడేది. ఆవిడ పాడిన క్యాసెట్లన్నిటినీ బావగారు నాణ్యత తగ్గకుండా పెద్ద పెద్ద ఫైళ్లుగా కంప్యూటర్లోకి ఎక్కించి, ముందుగదిలోని ఆ కంప్యూటరు నుంచి పెరటిగదిలో ఆంప్లిఫయరు పక్కనున్న ప్లేయరుకు వైరు లేకుండా పాట వచ్చేలా ఏర్పాటు చేయించుకున్నారు. పొలం కౌలుకిచ్చేశాక ఆయనకు మిగిలిన వ్యాపకం అదే. ఆ మధ్యే డాక్టరు వినికిడి తగ్గుతోందన్నాడు. అప్పటినుంచి పాట మధ్యలో తెగినప్పుడల్లా ఆయన కంగారుగా అక్కను పిలిచి, "ఆగిందా, నాకే వినపడలేదా?" అని అడిగేవారు. చెవులు పూర్తిగా పోయేలోగా ఆ గొంతు ఉన్నదున్నట్టు వినాలన్నదే ఆయన ఆరాటం.

రాజమండ్రిలో ఒక షాపతను, లోపమంతా మామూలు సామానుదేననీ, ప్లేయరుకూ ఆంప్లిఫయరుకూ మధ్య బంగారు పూత పిన్నులున్న వైరు వేస్తే పాట తెగకపోవడమే కాదు, గొంతులోని తీపి కూడా తెలుస్తుందనీ చెప్పి, చూసుకోమని ఒకటి ఇచ్చి పంపాడు. సంగతి తెలియగానే నేను గోదావరి దాటి వాలిపోయాను. రుజువు లేని మాట వింటే ఊరుకోలేని వయసు నాది. పరీక్ష పెడదామన్నాను. వంటింటి అటక మీది రౌటరును దించి, ప్లేయరును, ఆంప్లిఫయరును మోసుకొచ్చి, అన్నిటినీ ముందుగది బల్ల మీద కంప్యూటరు పక్కనే పెట్టి, బావగారిని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. పదిసార్లు, ఒకోసారి చవక వైరు, ఒకోసారి బంగారు పూత వైరు తగిలించి, ఏది ఏదో చెప్పమన్నాను. ఆయన చెప్పినవాటిలో సగం తప్పులు.

"చూశారా! వైరులో తీపి లేదు, షాపతని నాలుక మీదే ఉంది," అని నేను విజయగర్వంతో విరగబడుతుంటే, బావగారు గోడవైపు నుంచి తిరగలేదు.

"అయితే నా చెవులు పోయినట్టేగా," అన్నారు మెల్లగా.

వాదం గెలవాలన్న తొందరలో, కుర్చీలో కూర్చున్నది ఎవరో నేను మరిచిపోయాను. మా అక్క మరిచిపోలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వు కూర్చో ఆ కుర్చీలో. పెద్ద పోటుగాడివి!"

కూర్చున్నాను. అక్క వైర్లు మార్చింది. నావీ సగం తప్పులే.

"నీక్కూడా చెవులు పోయాయిట్రా, పాపం!" అంది. బావగారు అప్పుడు నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే అక్క మళ్లీ అంది: "అది సరేగానీ, ఇందాకటినుంచీ పాట ఒక్కసారైనా తెగిందా?"

తెగలేదు. ఇరవైసార్లు వేశాం, ఒక్కసారీ తెగలేదు. ఆ రుజువు నా ముక్కుకింద మోగుతుంటే, నేను షాపతన్ని ఓడించడంలో మునిగి ఉన్నాను.

అప్పుడు బుద్ధిగా ఒక్కొక్కటే మార్చి చూశాను. ప్లేయరును, ఆంప్లిఫయరును పెరటిగదికి చేర్చి, వాటి మధ్య చవక వైరే తగిలించి, రౌటరును మాత్రం బల్ల మీదే ఉంచితే పాట హాయిగా సాగింది. రౌటరును అటకెక్కిస్తే రెండో చరణంలోనే తెగింది. కరెంటు వస్తువు అగ్నిమూలలో ఉండాలని సిద్ధాంతి చెబితే, బావగారు దాన్ని ఆగ్నేయంలోని వంటింటి అటక మీద, అక్క అత్తగారి ఇత్తడి గుండిగల వెనక పెట్టించారు. అంత లోహం అడ్డుంటే సిగ్నలు ఎలా దాటుతుంది? నేను గొంతు సవరించుకున్నాను.

"ఉపన్యాసం తర్వాత. ముందు దించు దాన్ని," అంది అక్క.

"ఆ బల్ల ఉన్నది ఈశాన్యం మూల కదోయ్, ఫర్వాలేదంటావా?" అని బావగారు నసిగారు.

"నా పాట వింటారా, మూలలు చూసుకుంటారా?"

రౌటరు ఈశాన్యంలోనే ఉండిపోయింది. ఆ ఇంటికి ఏ కీడూ రాలేదని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. ఆ సాయంత్రం పాట వింటూ బావగారు ఉన్నట్టుండి చెయ్యెత్తి, "ఇవి నీ గాజులే కదూ?" అన్నారు అక్కతో. అప్పుడెప్పుడో తాళం వేస్తుంటే గలగలలాడిన గాజులు! పాట వెనక అవి ఉన్నాయని నేనూ గమనించలేదు, అక్కా గమనించలేదు.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. మా అమ్మాయి ఇంట్లో ఏ మూల నిలబడినా సిగ్నలు నిండుగా ఉంటుంది. పాట తెగడమన్నది పిల్లలకు తెలియదు, ఎవరి చెవిలో వాళ్లకు వాళ్ల పాట. నాకు బావగారి వయసొచ్చింది. అప్పుడప్పుడు పాటలో ఒక ముక్క జారిపోతుంది. ఆగిందా, నాకే వినపడలేదా అని అడుగుదామని తల తిప్పుతాను. అడగాలంటే, పక్కనున్నవాళ్లు కూడా అదే పాట వింటూ ఉండాలి కదా.