కాళ్లు కోసిన బల్ల

నేను కొనిచ్చిన బల్లకు మా అన్న కాళ్లు కోసేశాడు. నేను వెళ్లేసరికి మూడు కాళ్లు అప్పటికే పోయాయి, నాలుగోది సగంలో ఉంది. ఆపమని అరిచినా ఆపలేదు. ముక్క నేల మీద పడ్డాకే తలెత్తి, "వచ్చినవా తమ్మీ, కూసో" అన్నాడు. నడుమెత్తు బల్ల పీటంత అయింది. కూర్చోక ఏం చేస్తాం?

అన్నది దేవరకొండ పక్క పల్లెలో వడ్రంగం, ఊరివాళ్లకు వడ్లాయన. మా ఇళ్లలో ఆ పని నేల మీద కూర్చునే చేస్తారు. కట్టెను మడమ కింద అదిమి, బొటనవేలితో కదలకుండా పట్టి, చిత్రిక పట్టే రందా తోస్తారు. ఏళ్ల తరబడి అట్లా కూర్చుంటే మోకాళ్లు ఏమవుతాయో నల్లగొండ డాక్టరు చెప్పాడు. ఇక నేల మీద కూర్చోవద్దు, నిలబడి చేసుకో, లేదంటే పనే మానుకోవాల్సి వస్తుంది అన్నాడు.

నిలబడి చేయాలంటే బల్ల కావాలి. కొందామన్నాను. "వడ్లాయన బల్ల కొన్నడంటే ఊరు నవ్వుతది. నేనే చేసుకుంట" అన్నాడు. వేప మొద్దు తెచ్చి, మందంగా కోయించి, గోడకు ఆనించి ఆరబెట్టాడు. ఆ కట్టె ఆరేసరికి ఎవరో ఇల్లు మొదలుపెట్టారు.

తెలంగాణ వచ్చాక మా వైపు కొత్త ఇళ్లు బాగానే లేస్తున్నాయి. లోపలి తలుపులు, కిటికీలు రెడీమేడ్‌వే, నకిరేకల్ నుంచో హైదరాబాద్ నుంచో వ్యాన్‌లో దిగుతాయి. పెద్ద దర్వాజ, అంటే వీధి గుమ్మం చట్రం, మాత్రం ఊరి వడ్లాయన చేతి మీదనే నిలబడాలి. పసుపు కుంకుమ పెట్టి, ఆయనకు ధోతి కండువా ఇచ్చి, ముహూర్తానికి నిలబెట్టించాలి. ముహూర్తం చెప్పి దర్వాజ అడిగినవాడితో వడ్లాయన కట్టె లేదనకూడదు. గోడకు ఆనించిన కట్టె వచ్చినవాడికి కనబడుతూనే ఉంది. అట్లా బల్ల కట్టె ఒకరి దర్వాజ అయింది. మళ్లీ తెస్తే మళ్లీ ఇంకొకరిది.

ఈ మర్యాద తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటి తలుపులన్నీ బజారులో కొని, ఒక్క దర్వాజ దగ్గర మాత్రం సంప్రదాయం గుర్తుకొచ్చేవాళ్ల మీద ఇంకా మండుతుంది. ధోతి చేతిలో పెట్టిన వాళ్లలో ఒక్కరూ, నీ మోకాళ్లు ఎట్లున్నయని అడగలేదు.

చివరికి అన్నకు చెప్పకుండానే బల్ల కొని పంపాను. పక్కన కట్టెను బిగించే ఇనుప పట్టు కూడా ఉంది. అన్న దాని ముందు వారమైనా నిలబడలేదు. బాటన పోయేవాళ్లు, "ఏందన్నా, హోటల్ల దోసెలు పోస్తున్నట్టు నిలబడ్డవ్?" అన్నారట. అంతే, రంపం తీశాడు.

"ఎందుకు కోసినవన్నా?"

"దర్వాజ నిలువు కట్టెను ఒక్కణ్ణే గంత ఎత్తుకు లేపుతనా? లేపినా, కాలి కింద లేకుంటే కట్టె నా మాట ఇంటలేదు."

"డాక్టరు మాట నువ్వు ఇనవు, కట్టె నీ మాట ఇనాల్నా?"

లోపలి నుంచి వదినె వచ్చింది. "కొట్లాడుకోండ్రి, అన్నదమ్ములిద్దరు కట్టె కోసమే కొట్లాడుకోండ్రి. ఈయన లేవాలంటే నా భుజమే పట్టుకుంటడు. రేపు అది గూడ పోతది. దానికేం కొంటరో సూడుండ్రి."

అన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దర్వాజ కట్టె లేపడానికి పక్కింటాయన్ను కేకేస్తే చాలు. వెయ్యడు. వేస్తే మోకాళ్లు పోయాయని ఊరికి తెలుస్తుంది. కుంటుతున్న మనిషిని ఊరంతా రోజూ చూస్తూనే ఉందని అన్నకు ఎవరు చెప్పాలి?

నేను అలిగి వచ్చేశాను. చాలా రోజులకు అన్నే ఫోన్ చేసి, నడుమెత్తున ఒకటి తనే చేసుకుంటానన్నాడు. ఇంటి దగ్గర కట్టె ఉంటే నిలవదని, ఈసారి వేప మొద్దును దేవరకొండలో కోత మిషన్ దగ్గరే దింపించాను. మొన్న పక్క ఊరాయన అక్కడ దాన్ని చూసి, అన్నదని తెలుసుకుని, నేరుగా అన్న ఇంటికి వచ్చి ముహూర్తం చెప్పి పోయాడు. అన్న సరేననలేదు, కాదనలేదు. మొద్దు ఇంకా మిషన్ దగ్గరే ఉంది. బల్లకు కోయాలా, దర్వాజకు కోయాలా అన్నది మిషన్ ఆయనకు ఎవరూ చెప్పలేదు.