ఒంటిచేత్తో విప్పగలిగే ఫిల్టర్

కాకినాడలో ఫార్మసీ చదివి, నాలుగేళ్లు ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేసినదాన్ని. న్యూజిలాండ్ వచ్చాక ఆ పనే చేయాలంటే మళ్లీ పరీక్షలు రాయాలన్నారు. వాటికి చదువుకుంటూ ఏడాదిన్నర పాటు కేర్‌గివర్‌గా పనిచేశాను. పొద్దున్నే ఏజెన్సీ చెప్పిన ఇళ్లకు వెళ్లడం, ఒంట్లో బాగోని పెద్దవాళ్లకు స్నానం చేయించి బట్టలు తొడగడం, టిఫిన్ పెట్టడం, చేసిన పని గురించి ఏజెన్సీకి ఫోన్లో నాలుగు ముక్కల నోట్ రాసి ఇంకో ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ పోవడం. అదీ పని.

హెండర్సన్ అనే పేటలో నేను వెళ్లే ఒక ఇంట్లో అంకుల్, ఆంటీ ఉండేవారు. ఫిజీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. అంకుల్ అక్కడ చక్కెర మిల్లులో పంపులు బాగుచేసే మెకానిక్. ఆయన పూర్వీకులు నెల్లూరు వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కారట. నాయనమ్మ దగ్గర విన్న తెలుగు ఆయన నోట కొద్దిగా మిగిలింది. ఆంటీకి అదీ రాదు. ఆమే నేనూ హిందీ, ఇంగ్లీషు కలిపి లాక్కొచ్చేవాళ్లం. నేను చేరడానికి కొన్ని నెలల ముందు అంకుల్‌కు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి ఒడిలో పడి ఉండేది. కర్ర ఊతంతో నాలుగడుగులు వేసేవారు. మాట ఒక్కో ముక్కగా, వెతుక్కుంటూ వచ్చేది.

హాల్లో ఒక గోడ పొడవునా అక్వేరియం ఉండేది. నియాన్ టెట్రాల గుంపు, గప్పీలు, అడుగున ఇసుక కెలుక్కుంటూ తిరిగే మీసాల కోరీలు, రెండు ఏంజెల్ చేపలు, అన్నీ ఒకే తొట్టిలో కాపురం. టిఫిన్ అయ్యాక అంకుల్‌ను దాని ముందు కుర్చీలో కూర్చోబెట్టాలని ఆంటీ మొదటిరోజే చెప్పింది.

ఆ నీళ్లు అప్పటికే పలచటి టీ రంగులో ఉన్నాయి. ఫిల్టర్ కింద అల్మారాలో ఉంది. బకెట్ అంత డబ్బా అది. తొట్టిలోని నీళ్లను పైపుతో లాక్కుని, లోపలి స్పాంజీల గుండా పంపి, మళ్లీ పైకి తోస్తుంది. దాన్ని కడగాలంటే నేల మీద మోకరిల్లి, రెండు చేతులతో క్లిప్పులు లాగి, నీళ్లతో సహా డబ్బాను బయటికి ఎత్తాలి. అంకుల్‌కు చెయ్యి రాదు, ఆంటీకి మోకాళ్లు వంగవు. ఆయన ఆసుపత్రి పాలైనప్పటి నుంచి దాన్ని ఎవరూ తెరవలేదు. పైపులోంచి నీళ్లు కారుతున్న కుళాయిలా సన్నగా పడుతున్నాయి.

వాళ్ల అమ్మాయి న్యూ లిన్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. వారంవారం వచ్చి సరుకులు పడేసి, మాత్రల డబ్బా నింపి వెళ్లేది. "అమ్మ చెయ్యలేదు. నేను అన్నిసార్లు రాలేను. ఎవరికైనా ఇచ్చేద్దాం డాడ్" అంది నా ముందే. ఆమె గొంతులో విసుగు లేదు, అలసట ఉంది. అంకుల్ తొట్టి వైపు తిరిగి కూర్చున్నారు.

నాకు పాపం అనిపించింది. ఒక మంగళవారం స్నానం అయ్యాక ఆయన కునుకు తీస్తుంటే అల్మారా తెరిచాను. డబ్బా బయటికి లాగి, వంటింటి సింకులో పెట్టి, స్పాంజీలను వేణ్ణీళ్ల కుళాయి కింద పిండాను. నల్లటి మురికి, బురద వాసన. అవి తెల్లబడేదాకా వదల్లేదు. మందుల కౌంటర్లో పనిచేసిన దాన్ని కదా, శుభ్రం అంటే నాకు అలాంటి శుభ్రమే తెలుసు. తిరిగి బిగించి ప్లగ్ పెడితే నీళ్లు జోరుగా దూకాయి. ఆంటీ చప్పట్లు కొట్టింది. లేచి వచ్చిన అంకుల్ ఆ ధార చూసి నవ్వారు. ఆ రోజంతా కారులో పాటలు పెట్టుకుని తిరిగాను.

శుక్రవారానికి నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని గాలి కోసం ఆయాసపడుతున్నాయి. ఒక ఏంజెల్ చేప మూలలో పక్కకు వాలి ఉంది. అయిదారు టెట్రాలు అప్పటికే పోయాయి.

అంకుల్ నా వైపు చూశారు. "ఏడ... కడిగినావు?"

"సింకులో అంకుల్. వేణ్ణీళ్ల కుళాయి కింద."

ఆయన కళ్లు మూసుకున్నారు. "మురికి కాదు పిల్లా అది. దాంట్లోనే... ప్రాణం" అన్నారు.

అప్పుడు వెలిగింది. చేపల మలమూత్రాల్లోంచి పుట్టే విషాన్ని తినేసే సూక్ష్మజీవులు ఆ స్పాంజీల్లోనే కాపురముంటాయి. వాటిని వేడినీళ్లతో, కుళాయి నీళ్లలో ఉండే క్లోరిన్‌తో నేనే చంపేశాను. ఫార్మసీ చదివినదాన్ని, నాకు తట్టకపోవడం ఏమిటి? బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. బయటికి వచ్చి ఆంటీకి ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టినా బాగుండేది. "నువ్వైనా ముట్టుకున్నావు. ఇన్నాళ్లలో ఇంకెవరు ముట్టుకున్నారు దాన్ని?" అంటూ టీ కలపబోయింది.

ఆ వారం రోజూ పని ముగిశాక మరో గంట ఉండిపోయాను. చిన్న జగ్గులతో పాత నీళ్లు తీసి, క్లోరిన్ విరగ్గొట్టే మందు కలిపిన నీళ్లు పోసేదాన్ని. ఎంత తీయాలో, ఎంత పోయాలో అంకుల్ ఎడమచేతి వేళ్లతో చూపించేవారు. మేత సగానికి తగ్గించారు. ఏంజెల్ చేప బతకలేదు. మిగతావి నిలబడ్డాయి. ఏజెన్సీలో మా కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆవిడ, "బరువులు ఎత్తకు. ఆయన చేత చేయించగలిగితే మాత్రం చేతి వ్యాయామం కింద రాయి" అంది.

ఆయన చేత చేయించడం. ఆ మాట నన్ను పట్టుకుంది. ఈ డబ్బా ఫిల్టర్ ఉన్నంతకాలం అది కుదిరే పని కాదు.

శనివారం నాకు సెలవు. అంకుల్ విప్పగలిగే ఫిల్టర్ ఏదైనా ఉందేమో చూద్దామంటే వాళ్ల అమ్మాయి సరేనంది. ఆమె కారులో అంకుల్‌తో కలిసి ముగ్గురం అక్వేరియం షాపుకు వెళ్లాం. ఓనరు పెద్దవయసు కివీ, అంటే ఇక్కడివాడే, తాపీ మనిషి. తొట్టి కొలతలు, చేపల లెక్క అడిగి, మా దగ్గరున్న దానికంటే పెద్ద డబ్బా ఫిల్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "దీన్ని మూణ్ణెల్లకోసారి తెరిస్తే చాలు" అన్నాడు.

అంకుల్ దాన్ని దగ్గరికి లాక్కున్నారు. ఎడమచేత్తో ఒక క్లిప్పు లాగారు. డబ్బా బల్ల మీద జారిపోయింది. ఛాతీకి ఆనించి పట్టుకుని మళ్లీ లాగారు. చెమట పట్టింది. ఒక క్లిప్పు ఊడేసరికి ఇంకోటి తిరిగి పడింది. షాపతను సాయానికి చెయ్యి చాపబోతే అమ్మాయి కళ్లతోనే వద్దంది. తండ్రి వంక అలా చూస్తూ నిలబడిపోయింది. తొట్టి ఆయనకు ఏమిటో ఆమెకు ఆ రోజే తెలిసిందనుకుంటాను.

అంకుల్ డబ్బాను పక్కకు నెట్టి కర్రతో మూలకు చూపించారు. అక్కడ చేపపిల్లల తొట్టిలో నల్లటి స్పాంజి ముద్ద ఒకటి, బుడబుడమని బుడగలు వదులుతోంది.

"అదా? అది పిల్లల తొట్లకు వాడతాం" అన్నాడు షాపతను. తర్వాత గడ్డం గోక్కుని, "పెద్దవి రెండు, చెరో చివర పెడితే మీ తొట్టికీ సరిపోతాయి. చూడ్డానికి అందంగా ఉండవు, అంతే. గాలి పంపుతో నడుస్తాయి. పైకి లాగి, తీసిన తొట్టి నీళ్లలోనే పిండుకోవచ్చు. ఒక్క చెయ్యి చాలు" అన్నాడు.

"ఒకటి పిండిన వారం రెండోది ముట్టుకోకూడదు కదా?" అన్నాను. నా పాఠం నేను నేర్చుకున్నాను మరి.

"కరెక్ట్" అన్నాడు నవ్వి.

అంకుల్ పంపును తిప్పి చూస్తున్నారు. ఉన్నట్టుండి ఇంగ్లీషులో, "పంపు నీళ్లకంటే కింద పెడితే, కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులో వెనక్కి వస్తాయి. నాన్ రిటర్న్ వాల్వ్ కూడా ఇవ్వు" అన్నారు.

ఎక్కడా ఆగకుండా. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్షవాతం వచ్చాక ఆయన అంత పొడుగు వాక్యం అనడం మేమెవరమూ వినలేదు. షాపతనికి ఇదేం తెలియదు. వాల్వ్ తెచ్చి ఇచ్చాడు. తన తొట్టిలోని పాత స్పాంజి ఒకటి నీళ్లతో సహా సంచిలో కట్టి, "ఇది మీ దాంట్లో వేయండి, త్వరగా తేరుకుంటుంది" అన్నాడు.

పాత డబ్బాను వెంటనే తీసేయలేదు. కొత్త స్పాంజీల్లో సూక్ష్మజీవులు స్థిరపడేదాకా రెండూ కలిసి నడవాలని అంకుల్ పట్టు. ఆరువారాలు నడిపాకే డబ్బా తీసేశాం. నీళ్లు తేటపడ్డాయి. ఆ బుడబుడ శబ్దం ఆంటీ సీరియల్‌కు అడ్డమొచ్చేది, ఆమె రోజూ టీవీ సౌండు పెంచుకునేది. "చేపలకు కూడా నా సీరియల్ కథ తెలిసిపోయింది" అనేది.

మొదటిసారి స్పాంజి పిండిన రోజు నేను పక్కనే ఉన్నాను. స్టూలు మీద సగం నిండిన చిన్న బకెట్టు పెట్టాను. అంకుల్ లేచి, నడుమును తొట్టి స్టాండుకు ఆనించి, ఎడమచేత్తో స్పాంజిని పైకి లాగి బకెట్టులో వేశారు. నాలుగుసార్లు పిండారు. నేను ఆయన కుడిచేతిని తీసి స్పాంజి మీద పెట్టాను. వేళ్లు ముడుచుకోలేదు. చూపుడువేలు మాత్రం కొంచెం కదిలినట్టయింది. నిజంగా కదిలిందో, నీళ్లలో అలా కనిపించిందో చెప్పలేను. నోట్‌లో మాత్రం ఎడమచెయ్యి సంగతే రాశాను.

పరీక్షలు పాసై నేను ఆ పని మానేశాక ఇంకో అమ్మాయి వెళ్తోంది. పోయిన నెల న్యూ లిన్‌లో కూరగాయల షాపులో ఆంటీ కనిపించింది. అంకుల్ కుడిచెయ్యి పెద్దగా మెరుగుపడలేదట. గప్పీలు మాత్రం పిల్లల్ని పెట్టి పెట్టి తొట్టి నింపేశాయట.

"కార్పెట్ అంతా నీళ్లు చేస్తాడు. తుడుస్తానంటే అరుస్తాడు, ఇప్పుడు ఎక్కడా ఆగకుండా బాగానే అరుస్తాడు" అని చెప్పి, నా సంచిలో రెండు వంకాయలు పడేసి, బస్సు వచ్చేస్తోందంటూ వెళ్లిపోయింది.